మన్ను అత్యుత్తమం

నీటినీ మన్నునూ కలిపి బురద చేసిన నాడు సృష్టికర్త దాని పర్యవసానాలు ఆలోచించలేదు. ఆ పొరపాటును సరిదిద్దే భారం చివరకు జిల్లా పరిపాలన మీద పడింది. ఏలినవారు చాలాకాలం మథనపడి బురదను మూడు ముక్కలు చేశారు. నీరు చింతామణిలోని జలశుద్ధి నిర్ధారణ కచేరీకి, నీటి అడుగున పేరుకునే ఒండ్రు బాగేపల్లిలోని తటాకగర్భ కచేరీకి, ఆరిన మన్ను చిక్కబళ్ళాపురంలోని మృత్తికా గౌరవ కచేరీకి దఖలుపడ్డాయి. ఏ అణువు ఎప్పుడు ఎవరి కిందికి వస్తుందో వివరంగా ఉత్తర్వు వెలువడింది. (అణువులకు దాని ప్రతులు అందినట్టు ఆధారాలు లేవు.)

ఈ త్రివిభజన సంగతి జంగమకోటె మునిలక్ష్మమ్మకు మొన్నమొన్నటిదాకా తెలియదు. ఆమెకు తెలిసిందల్లా పట్టుపురుగులు. ఎండాకాలంలో చెరువు ఎండితే అడుగున ఉన్న నల్లటి ఒండ్రును తోలుకొచ్చి మల్బరీ తోటకు వేసుకోవడం ఆ ఊళ్ళో పెద్దల నాటి నుంచీ ఉన్నదే. ఈ ఏడూ ఆమె మొగుడు పిళ్ళప్ప ట్రాక్టరు పెట్టి తోలించాడు. పడమటి మడి నల్లగా నిండింది. తూర్పు మడి దారిలో పాతిన రాతికూసాలు (రాతి స్తంభాలు) అడ్డమై ట్రాక్టరు పట్టలేదు. ఆ కూసాలను పిళ్ళప్ప తిట్టిన తిట్లు ఊరంతా విన్నది. ఇప్పుడు వాటికి రోజూ దండం పెడుతున్నాడు.

ఎందుకంటే ఆ తర్వాతి పంటలో పడమటి ఆకు మేసిన పురుగులు మూడో జ్వరం దిగగానే (పురుగు కుబుసం విడిచే దశను ఇక్కడ జ్వరమంటారు) తలలు గాలిలో ఊపి, పచ్చటి నీళ్ళు కక్కి, తట్టల్లోనే చచ్చాయి. తూర్పు ఆకు మేసినవి నిక్షేపంగా గూళ్ళు కట్టాయి. ఎగువ ద్రాక్షతోటల్లో ఏళ్ళ తరబడి కొట్టిన మందు వానతో దిగి చెరువు చేరిందనీ, ఒండ్రు ఎండి దుమ్మై ఆకుమీద వాలుతోందనీ ఊళ్ళో అందరికీ అనుమానమే. ఇంకొద్ది రోజుల్లో కొత్త చాకీ పురుగులు (రెండో జ్వరందాకా పెంచి అమ్మే పిల్లపురుగులు) దిగుతాయి. తూర్పు ఆకు ఒక్కటే వాటికి చాలదు. పడమటి ఆకు వేయవచ్చా, వేయకూడదా? మునిలక్ష్మమ్మకు కావలసింది ఈ ఒక్క ముక్క.

కచేరీకి ఉత్తచేతులతో వెళ్ళడం ఈ సీమలో మర్యాద కాదు. దాన్ని లంచమంటే ఇచ్చేవారూ ఒప్పుకోరు, పుచ్చుకునేవారూ ఒప్పుకోరు. తోటలో కాసినవి నాలుగు బల్లమీద పెడతారు. మధ్యాహ్నానికి అవి ఎవరి సంచిలోకో నడిచిపోతాయి. మునిలక్ష్మమ్మ పెరట్లోని బీరకాయలు తీసుకుని చింతామణి వెళ్ళింది.

జలాధికారిణి ఆశా ఆమెను ఆదరంగా కూర్చోబెట్టింది. "మీ చెరువు నీళ్ళు టెస్ట్ చేసినామమ్మా. మందు చుక్క కూడా లేదు."

"చెరువే ఎండిపోయిండాది గదమ్మా. నీళ్ళు యాడివి?"

"ఎండకముందు పట్టిన సీసా మాకాడ ఉండాది." ఆశా గొంతులో సొంత బిడ్డ ర్యాంకు చెప్పుకునే గర్వం పలికింది. "ఆ మందుకు నీళ్ళంటేనే పడదమ్మా. ఒండ్రులో కుళ్ళిన ఆకూ అలమూ ఉంటాది చూడు, పోయి దాన్ని కరిచిపట్టుకుంటాది. ఎంత నానినా వదల్దు. అందుకే మా నీళ్ళు శుద్ధం."

"అట్లయితే ఒండ్రులో ఉండాదనే గదా?"

"ఒండ్రు మాట నేనెత్తకూడదమ్మా. బాగేపల్లోళ్ళు నొచ్చుకుంటారు."

బీరకాయలు అప్పటికే బల్లమీద లేవు.

బాగేపల్లికి చిక్కుడుకాయలు వెళ్ళాయి. తటాకగర్భాధికారి గంగప్ప వాటిని గిల్లి చూసి, లేతవని తృప్తిపడి, విషయానికి వచ్చాడు. "ఒండ్రు చెరువులో ఉండేంతవరకే మాదమ్మా. ట్రాక్టరెక్కిందంటే మా చెయ్యి దాటినట్టే."

"చెరువులో మిగిలిండేదన్నా చూడప్పా."

"చూస్తే? దాంట్లో మందుందనుకో, మందు చెరువులో ఉండాదని అర్థం. చెరువులో ఉండేది నీ తోటలో ఎట్లుంటాది?"

బస్సు పేరేసంద్ర దాటేదాకా ఆమె ఈ మాటను తిరగేసి మరగేసి చూసింది. ఎక్కడ పట్టుకుందామన్నా జారిపోయింది. ఉన్నత స్థాయిలో తయారైన తర్కానికి ఆ నునుపు సహజం.

చిక్కబళ్ళాపురంలో మృత్తికాధికారి అమరనాథ్ సొరకాయను రెండు చేతులా అందుకున్నాడు. పడమటి మడి మన్నును స్వయంగా పరీక్షకు పంపాడు. ఫలితం రాగానే ఆమెను పిలిపించి లేచి నిలబడ్డాడు కూడా. "అభినందనలమ్మా! సేంద్రియ పదార్థం ఇంతుండే మన్ను తాలూకాలోనే లేదు. అత్యుత్తమం అని రాసినాను." (మందు కరిచిపట్టుకునేది ఆ సేంద్రియ పదార్థాన్నే. విషానికి ఇంతకన్నా సౌకర్యమైన బస జిల్లాలో లేదని నివేదిక చెప్పకనే చెప్పింది.)

"దాంట్లో మందుండాదా లేదా సార్?"

"మా పరీక్షలో మందుకు కాలమ్ లేదమ్మా. అయినా మీ అర్జీ తీసుకుంటాను. మందు సగమయ్యేదానికి ఒక గడువుంటాది. అది దాటితే రూలు ప్రకారం మీ అర్జీ కూడా సగమవుతాది. ఇంకో గడువుకు పావు."

"పూర్తిగా ఎప్పుడు పోతాది?"

"లెక్క ప్రకారం ఎప్పటికీ పోదు. సగం, దాంట్లో సగం, మళ్ళా దాంట్లో సగం. అందుకే మాకాడ ఏ అర్జీనీ కొట్టెయ్యరు." ఆమె ముఖం చూసి జాలిపడి ఒక ఉపాయం చెప్పాడు. "పోనీ, ఆకు కడిగి వెయ్యండి."

"తడాకు మేస్తే పురుగుకు రోగమొస్తాది సార్. ఆ మందుకు నీళ్ళంటేనే పడదు, ఒండ్రునే కరిచిపట్టుకుంటాదని చింతామణి అమ్మ చెప్పె. కడిగితే పోతాదా?"

చింతామణి వారు తమ పరిధి దాటి ఒండ్రు గురించి మాట్లాడారన్న సంగతి అమరనాథ్ దృష్టికి వచ్చింది. విషయం తీవ్రమైంది. చాకీ పురుగులు రావడానికి ముందురోజు, ముగ్గురు అధికారులూ చిక్కబళ్ళాపురంలో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ చెరువు చరిత్రలో నీరూ, ఒండ్రూ, మన్నూ ముఖాముఖి కలుసుకోవడం అదే ప్రథమం. (వానాకాలంలో అవి కలుసుకునే మాట నిజమే గాని, దానికి అనుమతి ఉన్నట్టు తెలియదు.)

తీర్మానం ఏకగ్రీవంగా వచ్చింది. అమరనాథ్ మునిలక్ష్మమ్మను లోపలికి పిలిచి దాన్ని నిదానంగా చదివి వినిపించాడు. "చనిపోయినవి పురుగులు. పురుగుమందుకు పురుగులు చనిపోవడం మందు నాణ్యతకు నిదర్శనమే గాని మన్ను లోపం కాదు." తర్వాత కాగితం పక్కనపెట్టి మామూలు గొంతుతో అన్నాడు. "కాబట్టి అమ్మా, ఆ మడిలో మల్బరీ తీసేసి ఆకుకూరలు వెయ్యండి. బెంగళూరుకు పోతాయి. పురుగులు ఉత్త సున్నితం. మనుషులు అట్ల తలలూపరు."

"తిన్నోళ్ళకు ఏమీ కాదా సార్?"

"ఏమీ కాదు. ధైర్యంగా తినొచ్చు."

"రాసిచ్చినారు గదమ్మా, అత్యుత్తమమని!" గంగప్ప ఒత్తి పలికాడు.

"అట్లయితే సంతోషమప్పా." మునిలక్ష్మమ్మ సంచి విప్పింది. "ఉత్తచేతులతో రాకూడదని తెచ్చినా. పడమటి మడి కాలవ గట్టున మొలిచిన కొత్తిమీర. పురుగులు చచ్చినప్పటి నుంచి మేము తుంచలేదు, మొండిగా పెరిగిండాది. అమ్మా, నీకొకటి. అప్పా, నీకు. ఇది మీకు సార్."

మూడు కట్టలు మూడు కాగితాల దొంతుల పక్కన కూర్చున్నాయి. గది ఘుమఘుమలాడింది.

"వాసన ఎంత బాగుండాదమ్మా!" అంటూ ఆశా తన కట్టను పెన్నుతో కొంచెం అవతలికి జరిపింది. గంగప్పకు తన ఇంట్లో కొత్తిమీర ఎవరికీ పడదని అప్పుడే జ్ఞాపకం వచ్చింది. అమరనాథ్ కృతజ్ఞతలు తెలిపాడు, అదీ చేతులు వెనక్కి కట్టుకుని.

మునిలక్ష్మమ్మ వసారాలోని బెంచీ మీద, బల్ల కనిపించే చోట కూర్చుంది. ఎవరూ లేవమనలేదు. ఎండ మెట్లు దిగిపోయింది. ఆశా బ్యాగు సర్దుకుని వెళ్ళింది. గంగప్ప బాగేపల్లి బస్సు తప్పిపోతుందని పరుగు తీశాడు. అమరనాథ్ క్యారియరు పట్టుకుని, గుమ్మం దగ్గర ఆమెకు నమస్కారం పెట్టి, వెనక్కి చూడకుండా స్కూటరెక్కాడు. చివరకు అటెండరు మంజునాథ వచ్చాడు. టీ బిస్కెట్టు పొడిని కూడా వదలని మనిషి. బల్లంతా శుభ్రంగా తుడిచాడు, కట్టల చుట్టూ మాత్రం వలయంగా పోయాడు.

ఆమె ఫోను తీసి పిళ్ళప్పకు చేసింది. "ఇదో, వింటివా? పడమటి మడికి ముండ్లకంప అడ్డమెయ్. రేపొచ్చే పురుగులకు తక్కువైన ఆకు పేరేసంద్ర పక్క కొందాం."

"ఏం, రిపోర్టొచ్చిందా?"

"వచ్చింది. ముగ్గురూ కలిసే ఇచ్చినారు."

ఊరకే వచ్చిన ఆకుకూర సాయంత్రందాకా కచేరీ బల్లమీద మిగిలిపోవడం ఆ జిల్లాలో ముందెన్నడూ జరగలేదు. అది ఏ కచేరీ పరిధిలోకి వస్తుందో ఇంకా తేలవలసి ఉంది.