పాత్ర మీద పేరు, పేరు మీద బొజ్జ

కృష్ణకు దక్షిణాన, గుండ్లకమ్మకు ఉత్తరాన, ధవళకార్పాసరాశులు ఒకవంకా అరుణమిరపరాశులు ఒకవంకా దిగంతాల దాకా పరచుకొని, దారిన పోయే ప్రాణికోటినంతా నిష్పక్షపాతంగా తుమ్మించే పర్చూరు సీమలో, ఫిబ్రవరి మాసాన, శనివారం పొద్దున, కరెంటు పోకుండా నిలిచి ఉన్న శుభఘడియలో, లేతుయంత్రధురంధరుడూ బనియన్‌కవచధారీ అయిన లెక్కల మాస్టారు బాలస్వామి పెరటి రేకుల షెడ్డులో సెల్‌ఫోనెత్తి నిలిచాడు.

ఎదుట స్టీలు పాత్ర. ప్రభుభోజనం కోసం చర్చికివ్వాలని తానే మలచి, అద్దం సిగ్గుపడేలా మెరుగుపెట్టాడు. నడుమ చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించాడు: ‘రెబ్కా జ్ఞాపకార్థం’. నిరుడు పోయిన భార్య. మధ్యాహ్నంలోగా ఫోటో పాస్టరుగారికి చేరకుంటే, శతవార్షిక సంచికలో ఆ చోట సిమెంటు ప్రకటన పడుతుంది.

మాస్టారు ఫోటో తీశాడు. అందులో రెబ్కా పేరు లేదు. బ్రహ్మాండభాండసన్నిభమైన ఆయన బొజ్జ ఉంది. వంగి తీశాడు. బట్టతల ఉదయించింది. పక్కకు జరిగాడు. పొరుగింటి నజీరా ఆరబోసిన మిరపకాయల ఎరుపు ఆవహించి, పరిశుద్ధపాత్ర పచ్చడిజాడీ అయింది.

“ఓ నజీరా,” అని మేఘగంభీరస్వరంతో పలికాడు, “నీ రక్తవర్ణసేనావాహినిని తక్షణమే ఉపసంహరింపుము.”

“తెలుగులో చెప్పండి మాస్టారూ.”

“కాయలు కాస్త అటు జరుపమ్మా.”

“గిన్నె కోసం కల్లం జరపాలా? గిన్నే జరుపుకోండి. అయినా దాన్ని అంత తోమమన్నదెవరండి? రెబ్కక్క కూడా అంత తోమేది కాదు.”

మహావీరుడు వెనుదిరిగాడు. లోపలికెళ్లి, ప్రభుభోజనపు ఆదివారాల్లో మాత్రమే రెబ్కా కట్టే నీలపుటంచు తెల్లచీర తెచ్చాడు. రెండు కుర్చీల మీదుగా పాత్ర చుట్టూ గుడారం వేశాడు. లోపల వెలుగు పాలలా పరుచుకుంది. బొజ్జ మాయం, మిరప మాయం. ఇక ఫోను కంటికి ఒక రంధ్రం కావాలి. కత్తెర అందుకున్నాడు. ఇనుముకు బెదరని ఆ చెయ్యి చీర దగ్గర ఆగిపోయింది.

గోడ పక్కనుంచి నజీరా వచ్చింది. “కత్తెర అటు పెట్టండి.” రెండు కుచ్చిళ్లు పోసి, బట్టల క్లిప్పులు తగిలించి, మధ్యన సందు వదిలింది. “ఫోనును ఇందులోంచి తొంగిచూడనీండి. బొజ్జను బయటే ఉండమనండి.”

ఈసారి పేరు చుక్కచుక్కా పడింది. పాత్ర అంచున ఒక సన్నని నీలిగీత కూడా.

“చీర అంచు పడిందే. మా అమ్మాయి యాస్మిన్ ఫోనులో చెరిపేసిద్ది.”

“ఉండనీయమ్మా.”

అట్లు పదకొండున్నరకు సిమెంటుసేన పరాజితమై, బొజ్జ బహిష్కృతమై, మిరపలు మాత్రం ఉన్నచోటనే ఉండగా, జానెడు స్టీలు మీద రెండు మాటలు స్పష్టంగా వెలిగాయి. విజేతయైన బాలస్వామి చీరను పాత మడతల మీదే మడిచి, కళ్లు తుడుచుకున్నాడు. మిరప ఘాటే అని నజీరా కూడా ఒప్పుకుంది.