తెల్లపాముల విందు

ఆ శనివారం పొద్దున థర్మన్ పికెట్ పెట్టుకున్న పని చాలా చిన్నది. గులాబీరంగు క్రీము పూసిన తెల్ల కేకును బల్లమీద పెట్టడం, కాఫీ కాచడం, పాముల క్లబ్బు వాళ్లందరి ముందూ గొప్పవాడైపోవడం. వెనకగదిలో, వెచ్చని పెట్టెలో పెట్టిన మొక్కజొన్న పాము, అంటే జనం ముద్దుగా పెంచుకునే విషంలేని కార్న్ స్నేక్, గుడ్లు నిన్న రాత్రే చీలడం మొదలుపెట్టాయి. వాటిలోంచి తెల్లటి పిల్లలు వస్తాయని అతను ఫ్లారిడాలోని ఆ కౌంటీ అంతా చాటింపు వేసి ఉన్నాడు.

ఆ గది నిజానికి అతని భార్య ఒడెల్లాది. ఆమె కుట్టుమిషను ఇప్పుడు కారు షెడ్డులో, గడ్డికోసే యంత్రం పక్కన దుమ్ము కొట్టుకుపోతోంది. ఈ కాన్పులో తెల్లపిల్లలు పుడితే గది శాశ్వతంగా పాములకే, పుట్టకపోతే అదే సాయంత్రం మిషను లోపలికి, పాములు షెడ్డులోకి. ఇది భార్యాభర్తల ఒప్పందం. నలుగురూ వినాలని థర్మనే దాన్ని క్లబ్బులో లేచి నిలబడి ప్రకటించాడు. ఆ గది చేజారితే అతనికి ప్రాణం పోయినట్టే. ఇంట్లో అతని మాటకి ఎదురు చెప్పనివి ఆ పాములొక్కటే.

అతని లెక్క ఇదీ. ఆడపాము రూబీ ఎర్రది, ఒంటిమీద నల్లచుక్క లేదు. మగపాము సెనేటర్ బూడిదరంగుది, వాడిలో ఎరుపు లేదు. ఒకరికి నలుపు లేదు, ఇంకొకరికి ఎరుపు లేదు, కాబట్టి పిల్లలకి రెండూ ఉండవు. సెనేటర్‌ని అమ్మేటప్పుడు క్లబ్బు సభ్యుడు మెర్విన్ టటిల్ మొహమాటంగా ఏదో చెప్పబోయాడు. థర్మన్ చెయ్యెత్తి ఆపేశాడు. జీవితమంతా రంగుల కొట్టు నడిపిన మనిషికి రంగుల గురించి పాఠాలా? మెర్విన్ నోరు మూసుకుని డబ్బు జేబులో పెట్టుకున్నాడు.

క్లబ్బు దిగింది. పక్కింటి హ్యాటీ కూడా వచ్చింది, పాములకోసం కాదు, కేకుకోసం. అందరూ పెట్టె చుట్టూ మూగి ఊపిరి బిగబట్టారు. మొదటి గుడ్డులోంచి ఒక మూతి బయటికొచ్చింది, వెనకాలే ఒళ్లు వచ్చింది. గోధుమరంగు ఒళ్లు, నల్ల అంచుల ఎర్రమచ్చలు. ఆ చుట్టుపక్కల ప్రతి పశువుల కొట్టంలోనూ ఎలకల వెంట తిరిగే రకం.

“గుడ్డు సొన అంటుకుంది,” అన్నాడు థర్మన్. తడిగుడ్డ తెచ్చి పిల్లని తుడిచాడు. మచ్చలు ఇంకా మెరిశాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఒడెల్లా వెళ్లి షెడ్డు తాళంచెవి తెచ్చి కేకు పక్కన పెట్టింది.

థర్మన్‌కి తల కొట్టేసినట్టయింది. వెంటనే ఒక దారి తోచింది. మార్చిలో రూబీ పెట్టెలోంచి తప్పించుకుని మూడు రోజులు తోటలో తిరిగిందనీ, అప్పుడు ఏ అడవిపామో దాన్ని చెడగొట్టి ఉంటుందనీ అందరికీ వివరించాడు. రూబీ శీలం గురించి అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, హ్యాటీ చేతిలో ప్లేటు కిందపడింది.

“మార్చిలోనా?” అంది హ్యాటీ. “నా ఉత్తరాల పెట్టెలో ఎర్రపాము ఉందని నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది మార్చిలోనే కదయ్యా. ఎర్రపాములు ఎక్కడైనా ఉంటాయా, అదంతా నీ భ్రమ పెద్దమ్మా అన్నావు. మా అబ్బాయి నన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోయాడు. ఇప్పటికీ మాత్రలు మింగుతున్నాను.”

పాము తప్పించుకుంటే ఆ రోజే ఇరుగుపొరుగుకి చెప్పాలన్నది క్లబ్బు పెట్టుకున్న మొదటి నియమం. దాన్ని రాసింది అధ్యక్షుడు థర్మన్. సభ్యులందరూ ఒక్కసారిగా కేకు మీద చాలా శ్రద్ధ చూపించారు.

ఆ గోతిలోంచి బయటపడటానికి అతను ఇంకో గొయ్యి తవ్వాడు. రూబీ అమాయకురాలనీ, తోటలో ఎవర్నీ కలవలేదనీ, లోపమంతా సెనేటర్‌దేననీ మాట మార్చాడు. మెర్విన్ తనకి నకిలీ సరుకు అంటగట్టాడని అందరి ముందూ వేలు చూపించాడు.

“నీ సరుకు నువ్వే పట్టుకుపో. ఈ సంకరజాతి పిల్లలన్నీ నీవే. నా ఇంట్లో ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు,” అన్నాడు.

మెర్విన్ అవమానపడాల్సింది. పడలేదు. “అన్నీనా? నలుగురి ముందూ అంటున్నావు థర్మన్, తర్వాత మాట తిప్పకూడదు,” అని మెల్లగా అడిగాడు. థర్మన్ రొమ్ము విరుచుకుని అవునన్నాడు. మెర్విన్ పిల్లల పెట్టెను పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, కేకు కూడా తినకుండా వెళ్లిపోయాడు. సాయంత్రానికి కుట్టుమిషను తన గదికి చేరింది. మరుసటి సమావేశానికి క్లబ్బుకి కొత్త అధ్యక్షుడొచ్చాడు.

మూడేళ్ల తర్వాత క్లబ్బు ప్రదర్శనలో మెర్విన్ బల్ల చుట్టూ జనం కిటకిటలాడారు. గాజుపెట్టెలో గులాబీ కళ్లతో, పాలమీగడ రంగులో రెండు పాముపిల్లలున్నాయి. థర్మన్ జనాన్ని తోసుకుని ముందుకొచ్చి వీటి తల్లిదండ్రులెవరని అడిగాడు.

“నువ్విచ్చినవేనయ్యా, ఆ అన్నాచెల్లెళ్లే,” అన్నాడు మెర్విన్. “రంగు లేకపోవడం అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండువైపులా వస్తేనే పైకి కనపడేది. రూబీ పిల్లలకి సెనేటర్ నలుపిచ్చాడు, రూబీ ఎరుపిచ్చింది. అందుకే అన్నీ మామూలుగా పుట్టాయి. కానీ రెండు లోపాలూ ప్రతి పిల్ల లోపలా దాక్కునే ఉన్నాయి. వాటిని వాటితోనే కలిపితే బోలెడు పిల్లల్లో ఒకటో రెండో తెల్లగా వస్తాయి. అమ్మిన రోజే చెప్పబోయాను, నువ్వు చెయ్యెత్తావు.”

థర్మన్ ముఖం మాడిపోయింది. మరుక్షణం వెలిగింది. ఇంటికి పరిగెత్తాడు. తెల్లపాములు తన గుడ్ల వంశంలోనే పుట్టాయి గనక ఒప్పందం ప్రకారం గది తనదేనని గుమ్మంలోంచే ప్రకటించాడు.

ఒడెల్లా మిషను ఆపింది. పక్కన అల్మారా మీదున్న గాజుపెట్టె వైపు గడ్డంతో చూపించింది. అందులో మూడో తెల్లపిల్ల హాయిగా చుట్ట చుట్టుకుని నిద్రపోతోంది.

“మెర్విన్ ఇచ్చాడు, నీ ధర్మమా అని దొరికాయట,” అంది. “తెల్లపాము పుడితే గది పాముకే అన్నావుగా. ఇచ్చేశాను.”

పాముకి ఎలకపిల్ల పెట్టే రోజున థర్మన్‌కి ఆ గదిలోకి ప్రవేశం ఉంది, తలుపు తట్టి రావాలి.