ముఖ్య అతిథి నొక్కవలసిన మీట

యాకుత్‌పురా రైల్వే స్టేషను జర్మనీతో సమానమైపోయిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. నమ్మనివారు ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి చూసుకోవచ్చు. అక్కడొక స్తంభానికి పచ్చ మీట ఉంది. మీట మీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద ఎర్ర రిబ్బను, రిబ్బను మీద బంతిపూల దండ. మీట కనిపించదు గానీ ఉంది. మనకున్న చాలా హక్కుల్లాగే.

ఈ ఘనతంతా ప్రయాణికుల సంక్షేమ సంఘం అధ్యక్షులు శ్రీహరిరావుగారిది. ఏలూరు నుంచి ఉద్యోగానికొచ్చి, పాతబస్తీలోనే రిటైరై, ఇరానీ చాయ్‌కీ శాలువాలకీ సమానంగా అలవాటుపడిన మనిషి. జర్మనీ పోవాలంటే జర మనీ చాలదు, మస్తు మనీ కావాలి. అదృష్టవశాత్తూ అక్కడి రైలు ప్రేమికుల సంఘం వారెవరో టిక్కెట్టు పంపి మరీ పిలిచారు.

అక్కడ కొండల మధ్య ఒక చిన్న లైను. రెండే పెట్టెల ఎర్ర రైలు వాగులు దాటుకుంటూ, లోయ వెంట గంటకోసారి తిరుగుతుంది. చిన్న స్టేషన్లలో ఎవరైనా మీట నొక్కితే ఆగుతుంది, లేకుంటే సాగుతుంది. ఒకచోట అడవి అంచున పుట్టగొడుగుల బుట్టతో ఓ ముసలావిడ నిలబడి ఉంది. మీట నొక్కింది. రైలు ఆగింది. ఎక్కి కూర్చుంది. అంతే! దీపప్రజ్వలన లేదు, వందన సమర్పణ లేదు. శ్రీహరిరావుగారి కళ్లు చెమర్చాయి. ఒక కన్ను ఆ సౌకర్యానికి, రెండోది ఆ మర్యాద తెలియని జాతికి.

ఆయన తిరిగొచ్చేసరికి పొద్దుటి లోకల్‌కు యాకుత్‌పురా హాల్టు ఎత్తేస్తారని లొల్లి మొదలైంది. ఎక్కేవాళ్లు తక్కువట. శ్రీహరిరావుగారు పై ఆఫీసుకు వెళ్లి జర్మనీ మీట మీద గంట ఉపన్యసించారు. ఉపన్యాసం ఆగాలంటే ఒప్పుకోవడం తప్ప మార్గం లేక వారు ఒప్పుకున్నారు. ఇకమీదట మీట నొక్కితే పట్టాల పక్కన దీపం వెలుగుతుంది, డ్రైవరు బండి ఆపుతాడు. దీపం లేకుంటే ఆపడు. నెల్లాళ్లు పరీక్ష. నెలలో ఒక్కరూ నొక్కకపోతే ఇక్కడ రైలు ఎవరికీ అక్కర్లేదని తేలినట్టే. హాల్టు రద్దు.

మీట వచ్చాక మీటింగు తప్పదు కదా. సంఘం కార్యదర్శి జగదీశ్వర్ లేచి ముఖ్యమైన సంగతి ఎత్తాడు.

"అన్నా, ముందుగాల మనమే నొక్కితే చైర్మన్ సాబ్ వచ్చి ఏం నొక్కుతడు? మన గొంతు నొక్కుతడు."

చైర్మన్ సాబ్ అంటే ఒక బోర్డుకు చైర్మను. ఏ బోర్డన్నది ఆయనకూ స్పష్టంగా తెలియదు గానీ, కారు మీద బోర్డుంది. ఆయన హస్తవాసితో ప్రారంభమయ్యేవరకూ మీటను ఎవరూ తాకరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. చైర్మన్ గారు పరమానందపడి, తాను సామాన్యుడిలా ఫలక్‌నుమాలో ఎక్కి, అదే లోకల్‌లో యాకుత్‌పురాలో దిగుతానని సెలవిచ్చారు.

పరీక్ష మొదటి రోజు. ప్లాట్‌ఫారం నిండా జనం, మైకు, పూర్ణకుంభం. దూరంగా రైలు కూత. చంద్రమ్మ కొంగు బిగించి మీట దగ్గరికి వచ్చింది. ఆమె రోజూ ఈ బండెక్కి, కాచిగూడలో దిగి, బేగంబజార్ గోదాములో చింతపండు గింజ తీసే పనికి పోతుంది.

"సారూ, బండొస్తున్నది. నొక్కాలె గదా?"

"తప్పు తల్లీ! చైర్మన్ గారు నొక్కాలి."

"ఆయన యాడున్నడు?"

"ఆ బండిలోనే ఉన్నారమ్మా."

"బండిల ఉన్నాయన దిగి నొక్కాల్నంటే బండి ఆగాలె. బండి ఆగాల్నంటే నొక్కాలె. ఏంది సారూ గిది? లేటైతే నా పీట మీద ఇంకొకామె కూసుంటది!"

శ్రీహరిరావుగారికి ఒక్క క్షణం అర్థమైంది. చేయి కూడా లేచింది. కానీ ఆ చేతిలో శాలువా ఉంది. పైగా కత్తెర పళ్లెంలో పడుకుని ఆయననే చూస్తోంది. చేయి దిగింది.

రైలు వచ్చింది, చూసింది, పోయింది. రైలు ఆగలేదు, కుర్రకారు తీస్తున్న రీలూ ఆగలేదు. తలుపు దగ్గర చైర్మన్ గారు రెండు చేతులూ ఊపుతూ దర్శనమిచ్చి అంతర్ధానమయ్యారు. దబీర్‌పురాలో దిగి, ఇంత ఘనస్వాగతం తన జీవితంలో చూడలేదని ఫోన్ చేశారు.

తిథి లేకుండా వచ్చేవాడు అతిథి. ముఖ్య అతిథికి తిథే దొరకదు. ఒకనాడు పెళ్లి, మరునాడు పరామర్శ, ఆపైన ఆషాఢం. అంతదాకా మీటకు ఇనుప జాలీ బిగించి తాళం వేశారు. రోజూ జనం ప్లాట్‌ఫారం మీద క్రమశిక్షణతో నిలబడడం, రైలు అంతే క్రమశిక్షణతో వెళ్లిపోవడం. చంద్రమ్మ షేర్ ఆటోల్లో వేలాడి వెళ్లేసరికి ఆమె పీట నిజంగానే ఇంకొకరిదైంది. నెల తిరిగింది. దీపం ఒక్కసారీ వెలగలేదు గనుక యాకుత్‌పురా ప్రజలకు రైలుపై ఆసక్తి లేదని తేల్చి, పై ఆఫీసు హాల్టు రద్దుచేసింది.

ఆ మరుసటి వారం చైర్మన్ గారు ఖాళీ దొరికి కారులో వేంచేశారు.

"జర్మనీలో ముసలమ్మలు నొక్కే మీటను మన దగ్గర చైర్మన్ స్థాయిలో నొక్కుతున్నాం! ప్రగతి అంటే ఇదీ!" అని గర్జించారు.

శ్రీహరిరావుగారు తాళం తీశారు. గుంపులోంచి చంద్రమ్మ గొంతు వినిపించింది.

"నొక్కుండ్రి సారూ, గట్టిగ నొక్కుండ్రి. ఇగ రైలొస్తదన్న ఫికర్ లేదు."

రిబ్బను తెగింది. దీపం వెలిగింది. చప్పట్లు. అదే సమయానికి రైలు దీపం ముందునుంచే దూసుకుపోయింది. శ్రీహరిరావుగారి గుండెలో ఏదో కలుక్కుమంది. మీద శాలువా పడగానే సర్దుకుంది. మీట బ్రహ్మాండంగా పనిచేస్తోందని, లోపమల్లా రైలులోనే ఉందని ఆయన జర్మనీ మిత్రులకు తెలియపరిచారు.

పాతబస్తీ వాళ్ల తెలివి చూసి తమరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, ఆరోగ్యానికి మంచిది. కాకపోతే చిన్న సందేహం. మీ పేటలో కట్టడం ముగిసి, రంగులు కూడా వేసుకుని, కత్తెర పట్టే చేయి కోసం కాచుకున్న వంతెన ఉందే, దాని ముందు అడ్డంపెట్టిన డ్రమ్ములు చూసి ఇవాళ పొద్దున కూడా బుద్ధిగా బండి తిప్పుకుని చుట్టూ తిరిగొచ్చింది ఎవరండీ?