తెరకు వీపు పెట్టిన కమిటీ

"టీనేజీ పిల్లల మెదడు ఈ మండలం ఆస్తి. దాన్ని యూట్యూబుకు అప్పజెప్పి చేతులు కట్టుకుని కూర్చునే నాయకుణ్ణి కాను" అని స్కూలు కమిటీ చైర్మన్ చెన్నకేశవులు గారు గురజాలలో విలేకరుల ముందు ప్రకటించారు. ఆన్‌లైన్ సైన్సు ఇంటర్వ్యూలు ఆ వయసు పిల్లలకు పనికొస్తాయో లేదో తేల్చడానికి తనతో కలిపి అయిదుగురు పెద్దలతో పరిశీలన సంఘం కూడా వేశారు. ఆ అయిదుగురిలో ఒక్కరు కూడా ఇంతవరకు అలాంటి ఇంటర్వ్యూ చూసి ఎరగరు. నిష్పక్షపాతానికి అంతకంటే ఏం కావాలి?

ఆ వార్త విన్న రోజు తొమ్మిదో తరగతి గౌసియాకు అన్నం దిగలేదు.

వాళ్ళ గడప ముందు పరిచిన నాపరాయి మీద అలల్లాంటి గీతలున్నాయి. 'ఇక్కడ ఎప్పుడైనా సముద్రం ఉండేదా?' అని ఆమె సైన్సు నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంటే, జ్యోతిర్మయి టీచర్ చూసి, పిల్లలకు ప్రతి వారం స్కూలు టీవీలో పెట్టి చూపించే 'శనివారం సైంటిస్టు' అనే యూట్యూబు ఇంటర్వ్యూల కార్యక్రమానికి పంపింది. వాళ్ళు ఆ ప్రశ్నను ఎంచుకున్నారు. శనివారం నాలుగింటికి స్కూలుకు ఫోన్ చేస్తామనీ, ఆ అమ్మాయే అడగాలనీ రాశారు. నలుగురిలో నోరు విప్పని గౌసియా అప్పటినుంచీ రోజూ గేదె ముందు నిలబడి ఆ ఒక్క ప్రశ్న అడగడం నేర్చుకుంటోంది. గేదె ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.

బుధవారం పరిశీలన. ఫ్లెక్సీ కట్టారు. స్టేజీ మీద అయిదు కుర్చీలు, అయిదు శాలువాలు. కుర్చీల వెనక గోడకు టీవీ.

"సార్, కుర్చీలు అటు తిప్పితే టీవీ కనబడుద్ది" అంది జ్యోతిర్మయి టీచర్.

చెన్నకేశవులు గారు నొచ్చుకున్నారు. "ఏందమ్మా, స్టేజీ ఎక్కినాక జనానికి వీపు చూపిచ్చమంటావా? ముప్పై ఏళ్ళ రాజకీయంలో ఆ పని చెయ్యలా."

"మరి ప్రోగ్రాం ఎట్టా చూస్తారు సార్?"

"అది మేం చూడ్డమెందుకు? చూసే పిల్లల మొహాలు మేం చూస్తాం. మంచీ చెడ్డా ఆడే తెలిసిపోద్ది."

ఇంత లోతైన ఆలోచన టీచర్‌కు తట్టనందుకు సభ జాలిపడింది.

ముందుగా చైర్మన్ గారు నలభై నిమిషాలు ప్రసంగించారు. తర్వాత ఇరవై నిమిషాలు ఇంటర్వ్యూ నడిచింది. గబ్బిలం చీకట్లో దారి ఎలా కనుక్కుంటుందో తెర మీద ఎవరో చెబుతున్నారు. సంఘంలో ఒకరైన ఎరువుల కొట్టు కృపానందం గారు పిల్లల వైపే గుడ్లప్పగించి చూస్తూ రాసుకున్నారు.

"ఒరేయ్, ఆ మూడో వరస చూడండ్రా. రెప్పెయ్యట్లా!" అన్నారు సంఘంలో ఇంకొకరు.

"నోళ్ళు గూడా తెరిచారు. చానా ప్రమాదం."

నివేదిక అక్కడికక్కడే చదివారు. చైర్మన్ గారి ప్రసంగంలో పదకొండు మంది పిల్లలు ప్రశాంతంగా నిద్రపోయారు. ఇది ఆరోగ్య లక్షణం. ఇంటర్వ్యూలో ఒక్కరూ నిద్రపోలేదు. కనుక ఇంటర్వ్యూలు టీనేజీకి పనికిరావు. టీవీకి గుడ్డ కప్పించారు.

"శనివారం ఈ పిల్లకు ఫోనొస్తది సార్. అదొక్కటి మాట్లాడనివ్వండి" అని టీచర్ బతిమాలింది.

"మన మండలం పేరు చెబుతారా అందులో?"

"చెబుతారు సార్."

చైర్మన్ గారి ముఖంలో బాధ్యత కనిపించింది. "పిల్ల మాట్లాడితే పాడైపోద్ది. ఆ పాపమేదో నేనే మోస్తా."

శనివారం నాలుగింటికి హెడ్మాస్టర్ గదిలో ఫోన్ మోగింది. గుమ్మం బయట గౌసియా చేతిలో కాగితం చెమటకు తడిసిపోయింది.

"గౌసియా ఉందాండీ?"

"ఆ అమ్మాయి తరఫున చైర్మన్ని మాట్లాడుతున్నా."

"సరే, ప్రశ్న చెప్పండి."

"ప్రశ్న లేదు సార్, జవాబే. ఇక్కడ సముద్రం ఉండేది. గత పాలకుల నిర్లక్ష్యం వల్ల ఎండిపోయింది. మళ్ళీ తెచ్చే పూచీ మాది!"

గదిలో చప్పట్లు మోగాయి. చైర్మన్ గారు బయటికొచ్చి గౌసియా తల నిమిరారు. "ఏమే, నీ అనుమానం తీరిపోయిందిగా?"

గౌసియా తలూపింది. ఆ సాయంత్రం గేదెతో కూడా మాట్లాడలేదు.

సోమవారానికి కొత్త ఆధారాలు దొరకడంతో సంఘం తీర్పు మార్చుకుంది. ఆ ఇంటర్వ్యూలు టీనేజీకి అత్యవసరం. శనివారం నాటిది బడి మొత్తం చూసి తీరాలి. మళ్ళీ స్టేజీ, శాలువాలు, కుర్చీల వెనక టీవీ. తన గొంతు వినబడగానే చైర్మన్ గారు మీసం సర్దుకున్నారు. పూచీ దాకా విని, కృపానందం గారి చెవిలో దాని గొప్పతనం వివరించసాగారు.

తెర మీద ఫోన్ ఆగిపోయింది. సైంటిస్టు గ్లాసు అందుకుంది. మంచినీళ్ళు తాగింది.

"గౌసియా, వింటున్నావా? నీ ప్రశ్నకు జవాబు ఆ రాయిని చూడకుండా చెప్పలేను. వచ్చే ఆదివారం మీ ఊరొస్తా. మీ గడప దగ్గర నువ్వే చూపించు. నువ్వే అడుగు."

బడి మొత్తం గౌసియా వైపు చూసి చప్పట్లు కొట్టింది. ఎంతకీ ఆపలేదు. స్టేజీ మీద చైర్మన్ గారు లేచి నిలబడి, కళ్ళు చెమర్చగా, రెండు చేతులూ జోడించారు. 'పిల్లల్లో మంచి మార్పు' అని కృపానందం గారు రాసుకున్నారు.

గౌసియా కూడా లేచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నలుగురిలో నోరు విప్పింది.

"సార్, ఒక్కసారి ఎనక్కి తిరగండి."

"అదొక్కటి మాత్రం అడగమాక తల్లీ" అన్నారు చైర్మన్ గారు, జోడించిన చేతులు దించకుండానే.