పర్సోం చూసిన సినిమా

మలేరియాకు మాత్ర ఉంది, కుక్కకాటుకు సూది ఉంది, రష్యా దర్శకుడి ఆర్ట్ సినిమా చూసినవాడికి మాత్రం ఏకంగా ఒక సర్కారు శాఖే ఉంది. పత్తర్‌గట్టిలో చీరల దుకాణం పైఅంతస్తులో ఉన్న దాని పేరు దీర్ఘ చలనచిత్ర ప్రభావ నివారణ శాఖ. (బోర్డు చాలక ‘నివారణ’ను పక్క గోడ మీద రాశారు.)

సక్కుబాయి తన మొగుడు కైలాసాన్ని వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కింది. మలక్‌పేటలో వాళ్లకో పాల బూత్ ఉంది. ఫిలిం సొసైటీవాళ్లు ఏసీ హాల్లో ఉచితంగా ఆ దర్శకుడి సినిమా వేస్తే, ఎండకు తాళలేక కైలాసం వెళ్లి కూర్చున్నాడు. అందులో ఒక ఆవు వర్షంలో నిలబడింది. ఇంటర్వెల్ తర్వాత కూడా నిలబడే ఉంది. అప్పటినుంచి కైలాసం అరలీటరు కొలవబోయి, గిన్నెలోకి దిగే పాలధారను చూస్తూ ఉండిపోతున్నాడు. లైను నడిరోడ్డు దాకా పోతోంది. ప్రభావ విముక్తి పత్రం తేకపోతే బూత్ ఇంకొకరికి ఇస్తామని నోటీసు వచ్చింది. (నోటీసు కూడా తీరిగ్గానే వచ్చింది.) ఇల్లు గడిచేది ఆ బూత్ మీదే.

అధికారి రామ్‌చందర్ పద్ధతిగల మనిషి. నిబంధన ప్రకారం కిటికీ వైపు చూడమన్నాడు. కైలాసం చూశాడు, ఇక తల తిప్పలేదు. ఇంట్లో నీళ్లు కారే చోటేమైనా ఉందా అని అధికారి అడిగాడు. (ఉంటే రోగి దాన్నే చూస్తూ కూర్చుంటాడు, ఆ కుటుంబాలది వేరే కేటగిరీ.) చివరికి సినిమా ఎప్పుడు చూశావన్నాడు.

“పర్సోం,” అన్నాడు కైలాసం.

శాఖవారి కంప్యూటర్ ఢిల్లీ నుంచి వచ్చింది. దానికి పర్సోం అంటే మొన్న, లేదంటే ఎల్లుండి. పాతబస్తీలో మాత్రం తాత పెళ్లి నుంచి మనవడి పెళ్లి దాకా ఎప్పుడైనా పర్సోమే. ప్రభావం తాజాది, దానంతటదే తగ్గుతుందని కంప్యూటర్ పత్రం ఇవ్వబోయింది. సక్కుబాయి ఊపిరి పీల్చుకుంది. కానీ రామ్‌చందర్ చార్మినార్ గల్లీలో పుట్టినవాడు. ఏ పర్సోం అని అడిగాడు. బిడ్డ పూజిత కడుపుల ఉన్నప్పటి పర్సోం అని కైలాసం ఉన్నమాట చెప్పేశాడు. పూజిత ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

“గిన్నేండ్లయినా మర్శిపోలేదా? ఏమున్నదయ్యా గందుల?”

“ఆ ఆవు పొదుగు నిండి ఉండె సార్. సినిమా అయిపోయేదాంక ఎవ్వలూ పాలు పిండలే. దానికెంత నొప్పి అయ్యిందో ఏమో.”

సక్కుబాయి ఈ మాట మొదటిసారి వింటోంది. ఆమెకు మొగుడి మీద జాలేసింది, ఆవు మీద ఇంకా ఎక్కువ జాలేసింది. శాఖ నియమం కింద ఆ సినిమా తప్పనిసరిగా చూసిన రామ్‌చందర్ పెన్ను కింద పెట్టాడు. కూలర్ నుంచి కారుతున్న నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. వెనక లైను మెట్లు దిగి చీరల దుకాణంలోకి చేరింది.

పత్రం ఎప్పుడిస్తరు సార్ అని సక్కుబాయి మళ్లీ మళ్లీ అడిగింది. ఆయన కూలర్ మీంచి చూపు తిప్పకుండానే, “పర్సోం రా అమ్మా,” అన్నాడు.

ఆమె కూడా పాతబస్తీ మనిషే కాబట్టి తేదీ స్పష్టంగానే అర్థమైంది. మెట్లు దిగుతూ బిడ్డకు ఫోన్ చేసింది.

“పూజితా, రేపటి సంది నువ్వు బూత్‌ల కూసో. డిగ్రీ పర్సోం చదువుకుందువు తియ్యి.”