కేకు మీద పన్ను నంబరు

ఆ సోమవారం పొద్దున లోర్నా ట్వైట్ పెట్టుకున్న పని ఒక్కటే. కంప్యూటర్ ముందు కూర్చుని తన చీజ్ పకోడీల దుకాణానికి పన్ను నంబరు తీసుకోవడం, మధ్యాహ్నంలోగా కౌంటీ జాతర ఆఫీసుకు చెప్పడం. చెప్పకపోతే గేటు పక్క చోటు ఇంకొకరికి పోతుంది. ఆ చోటు కోసం ఆవిడ ఏళ్ల తరబడి కాచుక్కూర్చుంది. అసలు ఏ నంబరు కావాలో జాతర ఆఫీసులోని వెర్నాను ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ మిన్నెసోటాలో ఒకరిని ప్రశ్న అడగడమంటే వాళ్లను ఇబ్బంది పెట్టడమే. అందుకని వ్యాపారాలకు పన్నుల శాఖ ఇచ్చే నంబరే అయ్యుంటుందని లోర్నా తనంతట తనే తేల్చుకుంది.

వివరాలు నింపి బటన్ నొక్కగానే, మీ పేరు మీద ఈ రోజు ఒక నంబరు ఇచ్చేశాం, రోజుకొకటే, రేపు రండి అంది కంప్యూటర్. లోర్నా మళ్లీ తనే తేల్చుకుంది. తన పేరు దొంగిలించి ఎవడో వ్యాపారం మొదలుపెట్టాడన్నమాట! వెంటనే కౌంటీ పోలీసులుండే షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

ఆ దొంగ ఆవిడ మొగుడే. పెళ్లాన్ని సంతోషపెడదామని ఆర్విడ్ తెల్లారకముందే లేచి, ఆవిడ వివరాలతో తనే నంబరు తీసుకున్నాడు. కాగితం పోస్టులో పంపమన్నాడు, అది రావడానికి వారాలు పడుతుంది. అంకెలు అరచేతిలో రాసుకుని, చాక్లెట్ కేకు మీద తెల్లటి క్రీముతో ముచ్చటగా దిద్ది, శుభ్రంగా సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. ఎప్పటిలాగే ఫోను ఇంట్లో మరిచిపోయి, చీజ్ తేవడానికి బయల్దేరాడు.

షెరిఫ్ ఆఫీసు నుంచి హాల్వర్ అనే కుర్ర డెప్యుటీ వచ్చాడు. గడప తొక్కిన మనిషికి కాఫీ, కేకు ఇవ్వకపోతే లోర్నా అత్తగారు ఇంగాకి నిద్ర పట్టదు. వంటింట్లో కనబడ్డ కేకును కోసి తెచ్చింది.

"నా ముక్క మీద ఏడు ఉందండోయ్!" అన్నాడు హాల్వర్ మురిసిపోతూ.

రుమాలులో ముఖం దాచుకుని ఏడుస్తున్న లోర్నా అదేమీ చూడలేదు.

ఎదురింటి మర్టిల్ మాత్రం పోలీసు కారు చూసింది. ఆర్విడ్ ట్రక్కు లేకపోవడమూ చూసింది. అడిగితే ఇబ్బంది కదా! రోడ్డు ప్రమాదంలో ఆర్విడ్ పోయాడని తనే తేల్చుకుని, పరామర్శకు అక్కడివాళ్లు తెచ్చే హాట్‌డిష్, అంటే బంగాళాదుంపల వంటకం, వేడివేడిగా పట్టుకొచ్చింది. వెనకే చర్చి ఆడవాళ్లందరూ తలొక గిన్నెతో దిగారు. ఇంగా వాళ్లకూ కేకు పంచింది.

"ధైర్యం తెచ్చుకో లోర్నా, బంగారంలాంటి మనిషి" అంది మర్టిల్.

"ఎవడూ, ఆ దొంగవెధవా?"

మర్టిల్ నోరెళ్లబెట్టింది. దుఃఖంలో ఏదేదో అంటోందిలే అని సరిపెట్టుకుంది.

అంతలో చీజ్ సంచులతో ఆర్విడ్ లోపలికొచ్చాడు.

"బతికే ఉన్నావా నాయనా!" అని కేకేసింది మర్టిల్.

"ఏదో, బాగానే ఉన్నాను" అంటూ ఆర్విడ్ కేకు పళ్లెం వైపు చూసి నీరుగారిపోయాడు. "లోర్నా, నీ పన్ను నంబరు ఈ కేకు మీదే రాశానే!"

"నేను ఏడు తిన్నానండీ" అన్నాడు హాల్వర్ తల దించుకుని.

"నాది ఆరో, తొమ్మిదో. పళ్లెం ఎటు తిప్పానో ఏమో" అంది మర్టిల్.

మిగిలింది ఆఖరి ముక్క. ఆ ఊళ్లో ఆఖరి ముక్క ఎవరూ తినరు. తలా సగం కోసుకుని, మిగతా సగం మర్యాదగా వదిలేస్తారు. అలా కోయగా కోయగా మిగిలిన బొటనవేలంత ముక్క మీద సగం అంకె ఉంది. మూడని కొందరు, ఎనిమిదని కొందరు.

మధ్యాహ్నం కావస్తోంది. లోర్నా సిగ్గు చంపుకుని వెర్నాకు ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పి, ఇప్పుడేం చెయ్యమంటావని అడిగేసింది.

"నీ దగ్గర జీతానికెవరైనా ఉన్నారా?" అంది వెర్నా.

"లేరు. ఆర్విడ్ పకోడీలు వేస్తాడు, నేను అమ్ముతాను."

"ఆర్విడ్‌కి జీతమిస్తావా?"

"ఎందుకూ?"

"అయితే ఆ నంబరే అక్కర్లేదు తల్లీ. జీతగాళ్లుంటే కదా అది! నీ పేరున ఎప్పట్నుంచో ఉన్న సొంత సోషల్ సెక్యూరిటీ నంబరు చెప్పు, చాలు."

లోర్నా గడగడా అప్పజెప్పింది. గేటు పక్క చోటు ఆవిడదైపోయింది. ఆనందం పట్టలేక మొగుణ్ణి అందరి ముందే వాటేసుకుంది. హాట్‌డిష్ గిన్నెలన్నీ బల్ల మీదికి చేరాయి.

"అయితే నాకు జీతం లేనట్టేనా?" అన్నాడు ఆర్విడ్ నెమ్మదిగా.

"ఇస్తే మళ్లీ ఆ నంబరు కావాలిట" అంది లోర్నా.

ఆర్విడ్, ఆ ఊరి చరిత్రలో మొదటిసారిగా, ఆఖరి ముక్క మొత్తం నోట్లో వేసుకున్నాడు.