ముందు లేచినోళ్లు ఓడినట్టు

టెంట్ హౌస్ మెహమూద్‌కు ఈ భూమ్మీద ఎవరి మీదనైనా కడుపుమంట ఉందంటే అది మోటార్ల మెకానిక్ జానీ మీదే. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే లెక్కల సారు బెత్తానికి భయపడి, ఒకే ఏడాది చదువు మానేశారు. ఆ తరువాత మెహమూద్ గుంజలు పాతుకుంటూ నోరు మూసుకుని బతికాడు. జానీ మాత్రం నడివయసులో పెద్ద ఫోన్ కొనుక్కుని, అందులో రాత్రింబవళ్లు ప్రసంగాలు విని, పండితుడై కూర్చున్నాడు. చదువుకున్న పండితుడితో ఎట్లాగో వేగవచ్చు గానీ ఫోన్‌లో విని తయారైన పండితుడితో దేవుడు కూడా వేగలేడని మెహమూద్ అభిప్రాయం.

ఆ శనివారం పొద్దున మెహమూద్ వేసుకున్న లెక్క చాలా సులువైనది. చెల్లెలు రిజ్వానా కూతురు ఉజ్మా నికా ఆ రోజే, మహబూబ్‌నగర్‌లో, అంటే పాలమూరులో, సాయంత్రం అసర్ నమాజు తరువాత. తండ్రి లేని పిల్ల. మేనమామగా తాను పెట్టగలిగింది ఒక్కటే, తన పెద్ద షామియానా. "మా మామ టెంటు జడ్చర్లలనే పెద్దది" అని ఉజ్మా అత్తవారికి ముందే గొప్పగా చెప్పుకుంది. ఆ షామియానా ఒక్కటే ఉంది. దాన్ని ముందురోజు సాయంత్రం, తన ఊళ్లో చర్చ ఉందని జానీ అడిగాడు.

"పొద్దుగాల ఎనిమిదింటికి మొదలు, పదింటికి ఖతం. నువ్వు పదకొండింటికల్ల పాలమూరుల ఉంటవు. ఫికర్ పడకు" అన్నాడు జానీ. పాత దోస్తు. కాదనలేక మెహమూద్ జడ్చర్ల పక్కనే ఉన్న జానీ పల్లెలో టెంటు వేశాడు. అటునుంచి అటే పోవచ్చని పెళ్లి బిర్యానీ వండే ఖాళీ డేగిసాలను కూడా ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి టెంటు పక్కన నిలబెట్టాడు. తెలివైన పని చేశాననే అనుకున్నాడు.

పల్లెలోని క్రైస్తవ సంఘం రెండుగా చీలి అప్పటికి నెల అయింది. కుర్రవాళ్లు గుడి మీద క్రిస్మస్ నక్షత్రం కట్టబోతే జానీ నిచ్చెన లాగేశాడు. ఆ తేదీ రోమోళ్లదనీ, ఆదివారం రోమోళ్లదనీ, మన మూలాలు యూదులవనీ, శనివారమే విశ్రాంతి దినమనీ అన్నాడు. ఫార్మా కంపెనీలో పనిచేసే, జానీ అన్న కొడుకు సతీశ్ ఎదురు తిరిగాడు. అప్పటికే రెండుసార్లు వాదించుకున్నారు. రెండుసార్లూ అవతలివాళ్లే లేచి పారిపోయారని ఇవతలివాళ్లు ఫోన్లలో ప్రచారం చేసుకున్నారు. అందుకని రిటైర్డ్ హెడ్‌మాస్టర్ పర్వతాలు సారును మధ్యవర్తిగా పెట్టి, ఈసారి గట్టి షరతు రాసుకున్నారు. ఎవరి పక్షం ముందు లేచి టెంటు దాటితే వాళ్లు ఓడినట్టు. ఈ షరతు సంగతి మెహమూద్‌కు ఎవరూ చెప్పలేదు.

ఎనిమిదింటికి సారు బడిగంట కొట్టాడు. జానీ మైకు పట్టుకున్నాడు.

"యేసు ఎవరు? యూదుడు. పన్నెండు మంది శిష్యులు ఎవరు? యూదులు. పౌలు ఎవరు? ఊరూరికి సువార్త మోసిన ఆయన, నేను యూదుణ్ని అని తన నోటితోని తనే చెప్పిండు. తియ్యుండ్రి అపొస్తలుల కార్యములు ఇరవై రెండో అధ్యాయం."

జనం పేజీలు తిప్పారు. సతీశ్ లేచాడు.

"గదే అధ్యాయంల జర కిందికి సదువు చిన్నాయినా. కొరడాతోని కొట్టబోతే నేను రోమా పౌరుణ్ని అన్నడు. గా మాటకే సైనికులు గజగజ వణికిండ్రు. రోమోళ్ల రోడ్లు, రోమోళ్ల ఓడలు లేకుంటే సువార్త యెరూషలేము సందులల్లనే ఉంటుండె. పాలమూరు దాక వస్తుండెనా?"

"పైన ఏమున్నదో గది సదువు."

"కింద ఏమున్నదో గది సదువు."

పదిన్నర దాకా ఆ పేజీ పైకీ కిందికీ నడిచింది. మెహమూద్ జేబులో ఫోన్ మోగింది. భార్య రబియా.

"ఇంకా ఆడనే ఉన్నరా? ఈడ పిల్ల గడపల నిలవడి తొవ్వ చూస్తాంది. పెండ్లికొడుకు తాత ఇప్పుడే వచ్చి ఖాళీ జాగా చూసి, టెంటు ఏదని అడిగిండు."

"వస్తున్న, వస్తున్న. పౌలు ఒక్కడు తేలితే బయలెల్లుడే."

"పౌలు ఎవరు? అప్పున్నడా మనకు?"

మెహమూద్ ఫోన్ పెట్టేసి, ఎవరూ చూడకుండా టెంటు వెనక మూలకు పోయి ఒక తాడు ముడి మీద చెయ్యి వేశాడు. వేశాడో లేదో మైకులో జానీ గొంతు వినిపించింది.

"మెహమూద్ భాయ్, ఇయ్యాల విశ్రాంతి దినం. ముడి విప్పద్దు. యూదులు శనివారం ముడి విప్పరు."

"నేను యూదుణ్ని కాదు కదరా. నాది కిరాయి టెంటు."

"టెంటు విప్పితే చర్చ ఆపినట్టే" అని ఇటునుంచి సతీశ్ అన్నాడు. నెల రోజుల్లో చిన్నాయనకూ కొడుక్కూ కుదిరిన మాట అదొక్కటే. అప్పుడు సారు పిలిచి షరతు సంగతి చెప్పాడు. మెహమూద్ అక్కడే ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. ఎవరో ఒకరు లేవాలి. లేస్తే ఓడినట్టు. జానీ లేచే మనిషి కాదు. చిన్నప్పుడు లెక్క తప్పు చేసి కూడా సారుతో గంటసేపు వాదించిన మనిషి.

కాస్త తేరుకున్నాక మెహమూద్‌కు ఒక ఉపాయం తట్టింది. సతీశ్ దగ్గరికి పోయి చెవిలో చెప్పాడు.

"మీ చిన్నాయిన మెత్తబడ్డడు బిడ్డా. షుగర్ మనిషి, ఎండకు తట్టుకుంటలేడు. ఇద్దరొక్కసారే లేవుండ్రి. ఎవ్వలు ఓడినట్టు గాదు."

మంచి ఉపాయమే. కానీ సతీశ్ మైకు అందుకుని, "అవతల పక్షం మెత్తబడ్డదని ఇప్పుడే కబురొచ్చింది" అని ప్రకటించాడు. టెంటులో సగం జనం చప్పట్లు కొట్టారు. మిగిలిన సగం ఫోన్లు తీశారు. అరగంటలో బాలానగర్ వైపు నుంచి జానీ పక్షానికి ఒక ట్రాక్టర్ జనం, నవాబుపేట వైపు నుంచి సతీశ్ పక్షానికి రెండు ఆటోల జనం దిగారు. కుర్చీలు చాలలేదు. జడ్చర్ల నుంచి ఇంకో యాభై తెప్పించమని మెహమూద్‌నే అడిగారు.

మధ్యాహ్నమైంది. ఆకలి మాత్రం రెండు పక్షాలకూ ఒకేసారి వేసింది. సతీశ్ పక్షం వాళ్లు పొద్దుననే పంది కూరకు ఏర్పాటు చేసుకున్నారు. జనం పెరగడంతో వాళ్ల గిన్నెలు సరిపోలేదు. వంట చూస్తున్న గోపమ్మ చుట్టూ కలియచూసింది. ట్రాలీ ఆటోలో డేగిసాలు కనిపించాయి.

"భాయ్ గిన్నెలు ఖాళీగనే ఉన్నయి కద, దించుండ్రి" అంది.

మెహమూద్ చూసేసరికి ఒక డేగిసా మూడు రాళ్ల మీదికి ఎక్కింది. పక్కన తట్టలో మాంసం సిద్ధంగా ఉంది. ఆ కూర ఒక్కసారి అందులో పడితే ఆ డేగిసాలో వండిన బిర్యానీని పెళ్లికొడుకు తాత కాదు గదా, పెళ్లికి పిలవని వాడు కూడా ముట్టడు.

"అమ్మా, అది పెండ్లి డేగిసా. మా పిల్ల పెండ్లి."

"మంచిగ కడిగిస్తం అన్నా" అంది గోపమ్మ. ఆమె మాటలో కల్మషం లేదు. అదే కష్టమైంది. ఈ లోపల సతీశ్ వచ్చి, యేసు శిష్యుడు పేతురుకు దర్శనంలో దేవుడే అన్నిరకాల జంతువులనూ చూపించి తినమన్నాడనీ, ఈ కూర వండడం తమ పక్షానికి సాక్ష్యమనీ వివరించాడు.

మెహమూద్ పరుగెత్తాడు. తిన్నగా వేదిక ఎక్కి జానీ చేతిలోని మైకు లాక్కున్నాడు. జీవితంలో మైకు అద్దెకిచ్చాడు గానీ అందులో మాట్లాడడం అదే మొదలు.

"నాకు సదువు రాదు. ఒక్కటే అడుగుత. యేసు పుట్టింది యూదుల ఇంట్ల. అవునా? వాళ్ల అమ్మ మరియమ్మ ఎప్పుడన్న ఇంట్ల గీ కూర వండిందా? ఆ తల్లి వండని కూర మీరెట్ల వండుతరు?"

జానీ పక్షం ఈలలు వేసింది. జానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. నెల రోజులుగా ఫోన్‌లో వెతుకుతున్నా తనకు దొరకని మాట అది. అతను మెహమూద్‌ను కావలించుకున్నాడు. గోపమ్మ ఆలోచనలో పడి డేగిసాను రాళ్ల మీదినుంచి దించేసింది.

సతీశ్‌కు మండిపోయింది. "టెంటాయన అటు మలిగిండు. మంచిది. చిన్నాయినా, ధర్మశాస్త్రం మీద మీకు గంత ప్రేమ ఉంటే కూర దగ్గరనే ఎందుకు ఆగిండ్రు? ఎనిమిదో రోజు సున్నతి అని గూడ ఉన్నది. మీల ఎంతమందికి అయ్యింది? చెయ్యెత్తుండ్రి."

జానీ వెనక కూర్చున్న మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇదే కొట్లాట ఆదిమ సంఘంలోనూ వచ్చిందనీ, యెరూషలేములో పెద్దలంతా కూర్చుని, యూదులు కానివాళ్లకు అది అక్కరలేదని తేల్చారనీ జానీకి తెలుసు. కానీ ఆ మాట చెబితే సతీశ్ గెలిచినట్టు అవుతుంది. జానీ మైకు దగ్గరికి తీసుకున్నాడు.

"అవసరమైతే అది గూడ చేయించుకుంటం. మాట అంటే మాటే."

"మనమందరమా?" అని వెనకనుంచి ఎవరో మెల్లగా అడిగారు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఆటో ఆగింది. అందులోంచి తెల్ల లుంగీ, నల్లటి గడ్డంతో ఒక మనిషి దిగాడు. పెళ్లి వంట చేసే బావర్చీ ఫైసల్. డేగిసాలు ఇంకా రాకపోవడంతో రిజ్వానా అతన్నే పంపింది. చంకలో గుడ్డ మూట. దారిలో కుదుపులకు ఏదైనా జారిపడిందేమోనని మూటను టెంటు ముందర బల్ల మీద పరిచి చూసుకున్నాడు. చిన్నా పెద్దా కత్తులు ఎండకు తళుక్కుమన్నాయి. ఒకదాన్ని బొటనవేలితో పదును చూశాడు.

"మెహమూద్ భాయ్, ఏంది గీ లేటు? జల్ది కానియ్యి. అసర్ లోపల నా పని మొత్తం అయిపోవాలె" అన్నాడు.

టెంటులో మగవాళ్ల కళ్లన్నీ ఆ కత్తి మీద పడ్డాయి. వెనక వరుసలో ఒకాయనకు మోటారు బంద్ చేయలేదని గుర్తొచ్చింది. ఇంకొకాయనకు బర్రెకు నీళ్లు పెట్టలేదని గుర్తొచ్చింది. మూడో ఆయన కారణం కూడా చెప్పలేదు. చూస్తుండగానే జానీ వెనక కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. జానీ మాత్రం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. మాట ఇచ్చిన మనిషి.

ఫైసల్ కత్తితోనే వేదిక దగ్గరికి వచ్చాడు. "గీ పెద్దమనిషి వల్లనేనా ఆలస్యం? భయ్, జర జరుగుండ్రి. నిమిషంల అయిపోతది" అని ఎంతో మర్యాదగా అన్నాడు.

జానీ వెనక కట్టిన గుడ్డను ఎత్తి, దాని కిందినుంచి దూరి, కంది చేనుకు అడ్డంపడి పోయాడు.

"పోయిండు, వీడియో తియ్యుండ్రి" అంటూ సతీశ్, అతని వెనక అతని పక్షమంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని చేనులోకి ఉరికారు. కూర దగ్గరి గోపమ్మ కూడా గరిటెతో సహా పోయింది. ఫైసల్ డేగిసాలకు ఏమైందో చూడడానికి ట్రాలీ వైపు పరుగెత్తాడు.

టెంటు కింద మెహమూద్ ఒక్కడే మిగిలాడు. బల్ల మీద కత్తులున్నాయి. అతను పెద్దది ఒకటి తీసుకుని గుంజల దగ్గరికి నడిచాడు.

"ముడి విప్పద్దు" అని చేనులోంచి జానీ అరిచాడు.

"విప్పుతలేను. కోస్తున్న" అన్నాడు మెహమూద్. తాళ్లు వరుసగా టపటపా తెగాయి. నలభై ఏళ్లలో ఏ పనీ అతనికి అంత హాయిగా అనిపించలేదు.

సగం షామియానా నేలకు వాలేసరికి పర్వతాలు సారు రోడ్డవతల టీ తాగి వచ్చాడు. ఖాళీ కుర్చీలు చూశాడు. చేనులో మేం గెలిచామంటే మేం గెలిచామని అరుచుకుంటున్న రెండు పక్షాలనూ చూశాడు. షరతు కాగితం తీసి చదివి, గంట కొట్టాడు.

"లోపల మిగిలింది మెహమూద్ ఒక్కడే. షరతు ప్రకారం గెలుపు మెహమూద్‌ది" అని ప్రకటించి, గెలిచినవాళ్లకని తెచ్చిన శాలువా అతనికే కప్పాడు.

చేనులో అరుపులు ఆగిపోయాయి. మెహమూద్ గెలిచాడంటే అవతలివాడు గెలవలేదన్నమాట. నెల రోజులుగా గుండెల మీద ఉన్న బరువు రెండు పక్షాలకూ ఒక్కసారే దిగింది. జానీ కంది ఆకులు దులుపుకుంటూ వచ్చి షామియానా ఒక కొస ఎత్తాడు. సతీశ్ రెండో కొస ఎత్తాడు.

"శనివారం మోస్తున్నవేంది చిన్నాయినా?"

"గోతిల పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన గూడ తియ్యచ్చని ప్రభువే చెప్పిండు. గిది మన మెహమూద్ పని కదా."

తనను ఎద్దుల్లో కలిపినందుకు కోపం తెచ్చుకునే తీరిక మెహమూద్‌కు లేదు. ట్రాలీ చాలకపోతే బాలానగర్ ట్రాక్టర్ కూడా వెంట వచ్చింది. రెండు పక్షాల కుర్రవాళ్లూ కలిసి మహబూబ్‌నగర్‌లో గుంజలు పాతారు. అసర్ అజాన్ వినిపించేసరికి షామియానా లేచి నిలబడింది. పెళ్లికొడుకు తాత దాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, పెద్దదే అని తల ఊపాడు. గడపలో ఉజ్మా మామ వైపు చూసి నవ్వింది. జానీ, సతీశ్ ఒకే పళ్లెం ముందర కూర్చుని, పౌలు ఊసెత్తకుండా బిర్యానీ తిన్నారు. మెహమూద్ ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, తెగిన తాళ్లు లెక్కపెట్టుకున్నాడు.

క్రైస్తవ మతం మూలాల మీద చర్చలో గెలిచినందుకు మెహమూద్‌కు, కొత్త తాళ్ల కింద, పోయింది రెండు వేల ఆరు వందల నలభై రూపాయలు.